అచ్చు గట్టిపడే దాకా

చెవి అచ్చుకు తెల్ల ముద్దనూ నీలం ముద్దనూ సమంగా తీసుకుని, చారలు మాయమై ఒకే రంగు తేలేదాకా వేళ్ళతో కలపాలి. రబ్బరు తొడుగులు వేసుకుని కలిపితే ఆ ముద్ద సరిగా గట్టిపడదు, అందువల్ల ఈ ఒక్క పనిని మాత్రం ఆమె వట్టి చేతులతో చేస్తుంది. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనే అయినా ఈ రోజు ఆ వట్టి చేతులను ఎవరో పరీక్షగా చూస్తున్నట్టు అనిపించి మోచేతులు దగ్గరికి ముడుచుకుంది. చూస్తున్నది ఒక్క ముసలామే. గదిలో మిగిలిన ఆఖరి కుర్చీలో, ఒడిలో సంచీ పెట్టుకుని కూర్చుని, వేళ్ళ వంక కాదు, నోటి వంక చూస్తోంది, వినికిడి తగ్గిన వాళ్ళందరూ చూసినట్టే. మిగతా గది ఖాళీ. వేసవి సెలవుల్లో చెవి పరీక్షల శిబిరానికి వాడుకోమని బడివాళ్ళు ఇచ్చిన తరగతి గది ఇది. పరీక్ష యంత్రం, దాని తీగలు, పిల్లల చేత గుర్తు పట్టించే గంటలూ గిలకలూ అన్నీ అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయాయి, అట్టపెట్టెలు వరండాలోకి వెళ్ళిపోయాయి, వరండాలో భర్త వాటికి తాళ్ళు బిగిస్తూ ఎవరితోనో చేతి సైగలతో పరాచికాలాడుతున్నాడు. కాసేపట్లో బండి వస్తుంది. బండి వస్తే విమానాశ్రయం, విమానం ఎక్కితే ఇల్లు, ఇల్లు చేరితే ఇక్కడి సంగతి ఇక్కడే. ఇందాక అంతా అనుకున్నట్టు సాగిపోతున్న సమయంలో, ఎవరూ పిలవకుండా, చెవిలోని యంత్రం కుయ్యిమని కూస్తుండగా, ముసలామె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పోయిన వారం చనిపోయిన స్నేహితురాలి తల్లి.

యంత్రం కూయడానికి కారణం దాన్ని చెవిలో పట్టి ఉంచే అచ్చు వదులు కావడం. మనిషి చిక్కితే చెవి కూడా చిక్కుతుంది. కూతుర్ని పోగొట్టుకుని ఈవిడ ఎంత చిక్కిపోయిందో చెంపలకన్నా ముందు చెవి చెప్పింది. కొత్త అచ్చు చేయాలి. తనకు తెలిసిన పని ఎదురైనందుకు ఆమెకు సంతోషం కలిగింది, సిగ్గుపడవలసినంత సంతోషం; కట్టేసిన పెట్టె తాడు తానే విప్పి ముద్దల డబ్బాలు బయటికి తీసింది. పాత అచ్చు తీసి ఆవిడ చేతిలో పెట్టి, చెవిలోకి దీపం వేసి చూసింది, దారం కట్టిన దూది ఉండను లోపలికంటా నెట్టింది. ఇంతలో ముసలామె మాట్లాడడం మొదలుపెట్టింది, తనకే వినబడని తన గొంతుతో, గోడలకు తగిలేంత గట్టిగా. ఊరి భాష ఆమెకు రాదు. తన పదహారేళ్ళ కూతురికి వచ్చు, చిన్నప్పటి నుంచీ ప్రతి వేసవీ ఈ ఊరి పిల్లలతో ఆడి నేర్చుకుంది. వరండాలోంచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడి, ముసలామె ఆగినప్పుడల్లా ఒక్కొక్క మాటే అందిస్తోంది. చనిపోయిన స్నేహితురాలు ఆ పిల్లకు అత్త, ముసలామె మామ్మ.

"అత్తకి ఎడమ చెవి ఉన్నట్టుండి మూసుకుపోయిందట, అమ్మా. తల కూడా తిరుగుతోందని అనేదట. 'రోజంతా చెవులు చూసే మనిషి పక్కనే కూచుంటావు గదే, చూపించుకోరాదూ' అన్నారట మామ్మ. దానికి అత్త, 'వదినకి దేనికో నా మీద కోపం వచ్చింది, కాస్త చల్లారనీ, అప్పుడు చూపించుకుంటా' అందట." కూతురు ఆగింది. "కోపం దేనికని అడుగుతున్నారు. కోపమేంటమ్మా?"

"తల కదపొద్దని చెప్పు," అంది ఆమె. కూతురు చెప్పిందో లేదో కూడా చూడకుండా, సిరంజిలో ఉన్న ముద్దనంతా ముసలామె చెవిలోకి ఎక్కించింది.

ముద్ద మెత్తగా వంపులన్నిట్లోకీ పాకి, చెవి దొప్ప నిండి, బయటికి ఉబ్బి ఆగింది. ముసలామెకు రెండో చెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఈ చెవీ మూసుకుంది కనక, ముద్ద గట్టిపడేదాకా ఆవిడకు లోకం లేదు. ప్రశ్న అడిగిన మనిషి చెవి మూసేశాను, అని ఆమెకు తోచింది, తోచిన వెంటనే కాదు కాదు, అచ్చు చేయాలంటే మూయక తప్పదు కదా అని తానే జవాబు చెప్పుకుంది. ఈ వారం రోజుల్లో తనకు తాను చెప్పుకున్న జవాబులన్నీ ఇలాంటివే, ప్రతిదీ నిజమే, ఒక్కటీ సరిపోదు. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోవడం, దానికి తల తిరగడం తోడు కావడం: ఈ రెండూ కలిస్తే చెవి సంగతి తర్వాత, మనిషిని ఆ పూటే పెద్దాసుపత్రికి పంపాలి, తలలో రక్తనాళం ఎక్కడైనా పూడుకుంటోందేమో చూడాలి. చదువుకునే రోజుల్లో బల్ల గుద్ది చెప్పిన పాఠం అది. ఇంటి దగ్గర క్లినిక్కులో ఒక బస్సు కండక్టరుకు అలాగే అయితే, డ్యూటీ ఉందమ్మా రేపెళ్తానంటే వినకుండా, చెడామడా తిట్టి ఆటో ఎక్కించింది. అతను బతికాడు. అతని పేరైనా గుర్తు లేదు. గుర్తున్న స్నేహితురాలికి మాత్రం మెదడు వెనక వైపు నాళం పూడుకుపోయిందని, నిద్ర లేచి నీళ్ళు పట్టుకోబోతూ పడిపోయిందని ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. ఆయన వినికిడి గురించి ఒక్క ముక్కా అనలేదు, ఆయనకు తెలియదు. ఆ గదిలో చెవి సంగతి ఊహించగలిగినది ఎవరైనా ఉంటే అది తానే, తాను ఊహించింది కూడా, అక్కడే, ఆ మంచం పక్కనే. కుర్చీ గుర్తొచ్చింది ముందు.

కుర్చీ. స్నేహితురాలి కుర్చీ ఎప్పుడూ ఆమె కుడిపక్కన ఉండేది, బల్లకు అటువైపు రోగి. మొదటి వేసవిలో బడి గుమాస్తాగా తాళం చెవులు ఇవ్వడానికి వచ్చి, ఆమెకూ రోగులకూ అంతంతమాత్రంగా వచ్చిన మూడో భాషలో తంటాలు పడుతున్న వాళ్ళను చూసి జాలిపడి, ఒక కుర్చీ లాక్కుని కూర్చున్న మనిషి ఆ పూటకి లేవలేదు, ఆ వేసవికీ లేవలేదు. రెండో ఏడుకు వీళ్ళ ఇంటి భాష సగం నేర్చేసింది. భర్త చెల్లెమ్మా అన్నాడు కనక నువ్వు నాకు వదినవి అని వరస కలిపింది, వరసతో పాటు ఎగతాళి చేసే హక్కు కూడా వస్తుందని ఎవరు చెప్పారో, "అన్నయ్యకి కూడా ఒక మిషను పెట్టు వదినా, నువ్వు పిలిస్తే ఒక్కసారన్నా పలుకుతాడేమో" అని నలుగురిలో అనేసేది, అదే మాట ఊరి భాషలోకి మార్చి వరసలో నిలబడ్డ వాళ్ళనీ నవ్వించేది. భర్త చేతులు జోడించేవాడు: "వదినామరదళ్ళ మధ్య నేను వేలు పెట్టను తల్లీ, పెడితే వేలు దక్కదు." మాటలు మోసే మనిషి కనక మాటలత్త అని పేరు పెట్టింది కూతురు. మాటలత్త మోయడమే కాదు, దారిలో పెంచేది కూడా. అక్కడ మొదలైంది.

మొదలైంది అని తేలిగ్గా అనుకోవచ్చునా? చీకట్లో దారం కొస వెతికినట్టు వెతుకుతోంది ఇన్నాళ్ళుగా. తాను "రోజూ పెట్టుకోవాలి" అంటే స్నేహితురాలు ఊరి భాషలో ఏదో ఒక పెద్ద కథ చెప్పేది, వాళ్ళు నవ్వేవారు, కొందరు కళ్ళు తుడుచుకునేవారు. ఈ వేసవి సగంలో ఒకనాడు, ఎండ దంచుతుంటే, వరస గేటు దాటిపోతుంటే, ఆమె ఓపిక పోయి అందరి ముందూ అంది: "నేను మూడు ముక్కలంటే నువ్వు ముప్పై అంటావేం? ఉన్నదున్నట్టు చెప్పు చాలు." స్నేహితురాలి ముఖం ఏమీ మారలేదు. "నీకు మూడు చాలు వదినా, వాళ్ళకి ముప్పై కావాలి," అంది నవ్వుతూనే. నవ్వుతూనే అందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు ఆ నవ్వులో పుల్లవిరుపు కనిపించింది. తరవాత నాలుగు రోజులకో అయిదు రోజులకో, ప్రధానోపాధ్యాయురాలు చూడ్డానికి వచ్చి ఉండగా, ఆమె స్నేహితురాల్ని వెనక నుంచి, ఎడమ పక్కగా నడుస్తూ పిలిచింది, ఆ దూది ఇటివ్వమని. పలకలేదు. మళ్ళీ పిలిచింది. పలకలేదు, వీపు కూడా కదలలేదు. ప్రధానోపాధ్యాయురాలు మర్యాదగా గోడకేసి చూసింది. ఓహో, మనసులో పెట్టుకుందన్నమాట, అనుకుంది ఆమె. ఒక్కసారి అలా అనుకున్నాక మిగతావన్నీ వాటంతట అవే వచ్చి కుదురుకున్నాయి: మర్నాడు కుర్చీని కుడిపక్క నుంచి తీసి ఎడమపక్కన వేసుకోవడం, రోగి వైపు భుజం తిప్పి ఆమెకు వీపు కనబడేలా కూర్చోవడం, ఫోను ఎడమ చెవి నుంచి కుడి చెవికి మార్చుకుంటూ విసుక్కోవడం, ఒక్క మాటను రెండుసార్లు చెప్పించుకోవడం. రెండుసార్లు చెప్పించుకుంటుంటే, ఉన్నదున్నట్టు అన్నాను కదా, ఎత్తిపొడుస్తోంది, అనుకుంది. కుర్చీ ఎడమపక్కకు మారితే కుడి చెవి తన వైపుకు వస్తుందని, బాగున్న చెవిని ఎటు తిప్పుకుంటాడో చూస్తే చాలు మనిషి జబ్బు సగం తెలిసిపోతుందని, ప్రతి ఏడూ కొత్త విద్యార్థులకు చెప్పే మనిషి అలా అనుకుంది. వీపు చూపిస్తోంది అనుకుంది. చెవి చూపిస్తుంటే.

ముసలామె కదిలింది. ముద్ద చల్లగా ఉంటుంది, దవడ కింద చక్కిలిగిలి పెడుతుంది, చాలామంది కదులుతారు. ఆమె చేత్తో ఆవిడ గడ్డం పట్టుకుని నిలిపింది. స్నేహితురాలి గడ్డం, అదే నొక్కు. చేయి తీసేయాలనిపించింది, తీస్తే అచ్చు చెడుతుంది.

తిరిగి తానూ మొదలుపెట్టింది మరి, ఊరుకుంటుందా. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తినేవారు. ఆమె తన డబ్బా తీసుకుని వరండాలోకి వెళ్ళింది. సాయంత్రం బండిలో స్నేహితురాల్ని దారి మధ్యలో దింపేవారు. మాకు బజారులో పనుంది అని భర్తకు ఏదో చెప్పి ముందే బయల్దేరదీసింది. కోపం వచ్చినట్టు కనపడకూడదు, కోపం తగలాలి: ఆ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. స్నేహితురాలు రోజూ తన పండులో సగం కోసి ఆమె బల్ల మీద పెట్టి పోయేది, మాట్లాడకుండా. ఆమె ముట్టుకునేది కాదు. సాయంత్రానికి చీమలు పట్టేవి, చీపురుతో తోసి పారేసేది. అలా ఎన్ని సగాలు పారేసిందో. కూతురు ఒకసారి అడిగింది, "అత్తా నువ్వూ పోట్లాడుకున్నారా?" "లేదే," అంది, నిజమే, పోట్లాట లేదు, పోట్లాడి ఉంటే బాగుండేది. పోట్లాటలో మనిషి గట్టిగా అరుస్తుంది, అరిస్తే, ఏమో, అది కుడి చెవికి వినపడేది.

ఇంకొకటి ఉంది, దాని దగ్గరికి మనసు పోయినట్టే పోయి పక్కకు తప్పుకుంటోంది. తల్లులకు చెప్పే ఉపన్యాసం. ప్రతి వారం ఈ గదిలోనే, తల్లులనూ పంతులమ్మలనూ కూర్చోబెట్టి, కూతురు గీసిన బొమ్మలు గోడకు అంటించి చెప్పేది. ఆ బొమ్మలు పీకిన చోట గోడ సున్నం ఇప్పటికీ తెల్లతెల్లగా ఉంది. వారం వారం అవే మాటలు: పిలిస్తే పలకడం లేదని పిల్లవాణ్ణి మొండివాడనుకోకండి, పొగరనుకోకండి, కొట్టకండి, ముందు చెవి చూపించండి. ఆఖరి వారం ఆమె ఆ మాట అనగానే, పక్కనున్న స్నేహితురాలు వెంటనే ఊరి భాషలో అందుకోలేదు. ఆగింది. ఆగి, తల పూర్తిగా ఇటు తిప్పి, ఆమె కళ్ళలోకి చూసింది. చిన్నగా నవ్వింది కూడా. ఎంతసేపు? తల్లులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేంతసేపు. ఆమె అంది: "చెప్పవేం? నిద్రపోతున్నావా?" అప్పుడు స్నేహితురాలు అటు తిరిగి చెప్పింది, ఉన్నదున్నట్టు, ముప్పై కాదు, మూడు ముక్కల్లో. ఎవరూ నవ్వలేదు ఆ రోజు. ఆమెకు ఆ సంక్షిప్తత నచ్చింది. దారికొచ్చింది, అనుకుంది. దారికొచ్చింది! ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా, ఎక్కడున్నా సరే, బస్సులోనైనా భోజనం దగ్గరైనా, గొంతులోంచి చిన్న శబ్దం ఒకటి వచ్చేస్తోంది, దగ్గుగా మార్చుకుంటోంది.

ఆ సాయంత్రమే కిటికీలోంచి చూసింది. గేటు దాకా బడి ప్రహరీ ఉంది, దాన్ని ఎడమచేత్తో తడుముకుంటూ, రెండు అడుగులు వేసి ఆగి, మళ్ళీ రెండు అడుగులు వేసి ఆగి, స్నేహితురాలు వెళుతోంది. భర్త బండి తాళాలు ఆడిస్తూ, "చెల్లెమ్మని దింపేద్దామా, ఒంట్లో బాగాలేనట్టుంది," అన్నాడు. "ఆవిడకి మనం చూస్తున్నామని తెలుసులెండి," అంది ఆమె. నాటకం అన్న మాట పైకి అనలేదు. అనకపోవడం తన సంస్కారం అనుకుంది. రెండు రోజుల తరవాత ఫోను వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక భర్త ఆమె తల నిమిరి, "ఎవరికి తెలుస్తుంది చెప్పు, నువ్వేమన్నా దేవతవా, మనుషులకి తెలిసే జబ్బా అది," అన్నాడు, ఆ ఓదార్పును ఆమె పుచ్చుకుంది. తనది కాని వస్తువును ఎవరో చేతికిస్తే కాదనకుండా సంచీలో వేసుకున్నట్టు పుచ్చుకుంది. శ్మశానంలో తల్లికి ఎదురుపడకుండా జనం వెనకాల నిలబడింది. దుభాషి లేకుండా పని సాగదు కదా అని కారణం చెప్పి, ఇంకా పని మిగిలి ఉండగానే, గేటు బయట రోజూ కొందరు వచ్చి నిలబడుతుండగానే, టిక్కెట్లు ముందుకు జరిపించింది. దుభాషి లేకపోవడమేమిటి, ఇంట్లోనే ఉంది, పదహారేళ్ళది, ఇదిగో ఇక్కడే నిలబడి ఉంది.

గోటితో ముద్దను నొక్కి చూసింది. గాటు ఇంకా నిలుస్తోంది. ఇంకాసేపు. ముసలామె కళ్ళు మూసుకుంది, ఎండ మోకాళ్ళ మీద పడుతోంది, చెవిలో నీలం ముద్దతో ఆ ముఖం ఏదో ఆటలో పిల్లలు అలంకరించి వదిలేసిన ముఖంలా ఉంది. ఆవిడకు ఏమీ వినపడదు. వినపడినా ఈ భాష అర్థం కాదు. రెండు తలుపులూ మూసిన గది లాంటి ఆ మనిషి ముందు ఆమె నోరు దానంతట అదే తెరుచుకుంది.

"గోడ పట్టుకుని నడవడం నేను చూశాను," అంది. "పిలిస్తే పలకలేదు, పొగరనుకున్నాను. గోడ పట్టుకుంటే వేషాలనుకున్నాను. కుర్చీ అటు వేసుకుంటే..." ఏదో బరువు దిగినట్టే ఉంది, హాయిగా కూడా ఉంది ఒక్క క్షణం. అప్పుడు గదిలో మూడో మనిషి ఊపిరి వినిపించింది.

కూతురు బొమ్మలు పీకిన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఈ పిల్లను మరిచిపోయింది. వినబడని చెవిని చూసి వినబడే చెవిని మరిచిపోయింది. తల్లి అంటే తప్పు చేయని మనిషి అని ఆ పిల్ల అనుకుంటోందని కాదు, అంత అమాయకురాలు కాదు; కానీ ఇప్పుడు ఆ ముఖంలో మెల్లగా ఒక్కొక్కటే కలుస్తున్నాయి, కుర్చీ, పండు, బండి, "లేదే" అన్న జవాబు.

"ఇది మామ్మకి చెప్పమంటావా?" అంది కూతురు. అడిగిన తీరులో కోపం లేదు. పనిలో ఉన్న దుభాషి అడిగినట్టు అడిగింది.

వరండాలోంచి భర్త కేకేశాడు, "బండి వీధి మలుపులో ఉందట, కానివ్వండి!" ఆమె ముద్దను మళ్ళీ నొక్కింది. గాటు పడలేదు. చెవి పై అంచు దగ్గర వదులు చేసి, కొద్దిగా ముందుకు తిప్పి లాగితే, అచ్చు సన్నని చప్పుడుతో బయటికి వచ్చింది, దాని వెంట దూది ఉండ. ముసలామె కళ్ళు తెరిచింది. అంచులు కత్తిరించి, మధ్యలో బెజ్జం చేసి, గొట్టం దూర్చి యంత్రానికి తగిలించడానికి ఆమె చేతులకు ఎంతసేపు పట్టాలో అంతే పట్టింది, అవి వణకలేదు, వణికితే బాగుండునని ఆమె వాటి వంక చూసింది. అచ్చు పెట్టి, మీట తిప్పింది. కూత లేదు. అచ్చు నిశ్శబ్దంగా, చెవి నిండుగా కూర్చుంది. ముసలామె, ఆ నిశ్శబ్దంలో, అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగింది, ఈసారి మెల్లగా. తన గొంతు తనకు వినపడుతోంది కనక. అనువాదం అక్కర్లేకపోయింది.

"నేను చెప్పేదే చెప్పు," అంది ఆమె కూతురితో. "కలపకు. మెత్తగా చెయ్యకు."

"అత్తనీ ఇలాగే అనేదానివి," అంది కూతురు, వచ్చి ఆమె కుడిపక్కన నిలబడింది.

"మీ అమ్మాయి పిలిస్తే పలకకపోతే పొగరనుకున్నాను. గోడ పట్టుకుని నడుస్తుంటే నాటకమనుకున్నాను. చెవి చూడడమే నా పని, చూడలేదు. ఆ రోజే చూసి ఆసుపత్రికి పంపిస్తే బతికేదేమో." ఒక్కొక్క ముక్కకూ ఆగింది. ఒక్కొక్క ముక్కనూ కూతురు ఊరి భాషలో అంది, అంతే పొడుగున, ఒక్క మాట ఎక్కువ కాకుండా. తన నేరం ఇంత కురచగా ఉంటుందని, కూతురి నోట విన్నప్పుడే ఆమెకు తెలిసింది. ముప్పై మాటలు చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉండేది, ఆ ముప్పైలో ఎక్కడో ఒక చోట తనను క్షమించడానికి సందు చూసి పెట్టేది.

ముసలామె ఆమె నోటి వంక చూడడం మానేసి కళ్ళలోకి చూసింది, అలవాటైన చూపు, ఉపన్యాసం మధ్యలో ఆగి స్నేహితురాలు చూసిన చూపు. పాత అచ్చును గుప్పిట్లో మూసుకుంది. ఒకే ఒక వాక్యం అంది. కూతురు అనువదించలేదు.

"ఏమన్నారు?"

"అత్తయితే నీకు ఇది ఇంకోలా చెప్పేది, అమ్మా."

"ఉన్నదున్నట్టు చెప్పు."

కూతురు నేల చూసుకుంటూ చెప్పింది. "'నీ కోపం చల్లారాలని నా కూతురు కాచుకుని కూచుంది. నువ్వు బండి రావాలని కాచుకుని కూచున్నావు' అంటున్నారు."

గేటు దగ్గర హారను మోగింది. ముందుగా తల తిప్పింది ముసలామె, కొత్త అచ్చు ఉన్న వైపుకి, చటుక్కున, సరిగ్గా శబ్దం వచ్చిన దిక్కుకి. అచ్చు బాగా కుదిరింది, అని ఆమె మనసులో ఏదో మూల తృప్తి మెదిలింది. మెదిలినట్టు తెలిసింది. ముద్ద మరకలున్న చేతులు వెనక్కి పెట్టుకుని, కూతురి ముందూ ముసలామె ముందూ, తల దించుకుంది.